థైరాయిడ్ తక్కువైతే: ఏ పరీక్ష, ఎంత మోతాదు, ఎప్పుడు వేసుకోవాలి

డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్ దగ్గర "థైరాయిడ్ టెస్ట్ చేయాలి" అనగానే వచ్చే ప్రశ్న: "ఏది? టీఎస్‌హెచ్ ఒక్కటేనా, ప్రొఫైలా, ఫ్రీ ప్రొఫైలా?" చాలామంది అక్కడే తడబడి, పేర్లు ఎక్కువున్నది మంచిదేమో అనుకుని పెద్ద ప్యాకేజీకి డబ్బు కడతారు. రిపోర్టు వచ్చాక మళ్లీ సందేహాలు. మందు ఇప్పుడే మొదలుపెట్టాలా, కొన్నాళ్లు ఆగాలా? 25 మైక్రోగ్రాములతోనా, 100తోనా? పొద్దున్నా, రాత్రా? ఏ కంపెనీది? ఈ ఎంపికల్లో చాలావాటికి చవకైన, సాదా దారే సరైనది. అదనంగా ఖర్చు పెట్టాల్సిన చోట్లు, తొందరపడాల్సిన చోట్లు కొన్నే. అవి ఏవో తెలిస్తే చాలు.

## ఏ రక్తపరీక్ష?

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ చేత పని చేయించే హార్మోన్. దాన్ని తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్ మందగిస్తే దాన్ని అదిలించడానికి పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. రక్తంలో టీ4 (థైరాక్సిన్, థైరాయిడ్ విడుదల చేసే ముఖ్య హార్మోన్) కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది కాబట్టి, లోపాన్ని అందరికంటే ముందు పట్టిచ్చేది అదే. అందుకే మొదటిసారి పరీక్షకు టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు. చాలా ల్యాబుల్లో మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా ఉంటుంది.

అది ఎక్కువగా వస్తే అప్పుడు ఫ్రీ టీ4 చేయించాలి. ఆ రోజు ఇచ్చిన రక్తంతోనే చేయగలరేమో ల్యాబులో అడగండి, మళ్లీ సూది తప్పుతుంది.

మూడు పేర్లుండే మామూలు ప్రొఫైల్‌లో టీ3, టీ4 "టోటల్" లెక్కలు. రక్తంలోని థైరాయిడ్ హార్మోన్‌లో దాదాపు అంతా ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది, పని చేసేది విడిగా ఉన్న పిసరంతే. గర్భం వచ్చినా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా ఆ ప్రోటీన్లు పెరిగి, థైరాయిడ్‌లో ఏ తేడా లేకున్నా టోటల్ అంకె పైకి పోతుంది. ఆ విడి భాగాన్నే కొలిచే ఫ్రీ టీ4కి ఆ చిక్కు చాలావరకు ఉండదు. ఇక థైరాయిడ్ రెండో హార్మోన్ టీ3 సంగతి. థైరాయిడ్ తక్కువైనవారిలో టీ3 చివరిదాకా మామూలుగానే నిలబడుతుంది, కాబట్టి అది బాగుందని ధైర్యపడటానికి లేదు. పైగా గట్టి జ్వరం వచ్చినా, ఆసుపత్రిలో పడుకున్నా థైరాయిడ్ బాగున్నవారికి కూడా టీ3 పడిపోతుంది. థైరాయిడ్ ఎక్కువైందేమో అన్న అనుమానానికి టీ3 పనికొస్తుంది. తక్కువైందన్న అనుమానానికి దానిమీద పెట్టే డబ్బు దండగ.

టీఎస్‌హెచ్ ఒక్కదాన్నే నమ్మకూడని సందర్భం ఒకటుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి మళ్లీ రాక, ఏళ్ల తరబడి నీరసంగా ఉన్న స్త్రీలలో పిట్యూటరీయే దెబ్బతిని ఉండొచ్చు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. అదిలించే గ్రంథే పడిపోయింది కాబట్టి టీఎస్‌హెచ్ మామూలుగా కనిపిస్తుంది, ఫ్రీ టీ4 మాత్రం తక్కువగా ఉంటుంది. తలలో గడ్డకు ఆపరేషన్, రేడియేషన్ అయినవారికీ ఇంతే. వీళ్లకు థైరాయిడ్ మాత్ర ఇచ్చేముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) చూసి తీరాలి. కార్టిసాల్ లేని శరీరానికి థైరాక్సిన్ పోస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

యాంటీ టీపీఓ పరీక్ష, అంటే శరీరం తన థైరాయిడ్ మీద తానే దాడి చేస్తోందా అని చూసేది, జీవితంలో ఒక్కసారి చాలు. పాజిటివ్ అయితే కారణం హషిమోటో వ్యాధి అని తెలుస్తుంది. 1912లో దాన్ని మొదట వర్ణించిన జపాన్ వైద్యుడి పేరు అది. ఆ అంకె 300 ఉన్నా 1200 ఉన్నా మందు మోతాదు మారదు, కాబట్టి ఏటా చేయించి "తగ్గిందా" అని చూసుకోవడంలో ప్రయోజనం లేదు. మెడ అల్ట్రాసౌండ్ కూడా అంతే: గడ్డ చేతికి తగిలినా, మెడ ముందు వాపు కనిపించినా చేయించాలి, టీఎస్‌హెచ్ పెరిగిందన్న ఒక్క కారణంతో అక్కర్లేదు. న్యూక్లియర్ స్కాన్‌తో అసలు పనే లేదు.

రక్తం ఇచ్చేముందు మూడు సంగతులు. ఒకటి, ఈ పరీక్షకు ఉపవాసం అవసరం లేదు, కానీ టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు ఇవ్వండి. రెండు, ఇప్పటికే మాత్ర వాడుతుంటే ఆ రోజు రక్తం ఇచ్చాకే వేసుకోండి. మింగిన కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 పైకి పోయి ఉంటుంది. మూడోది చాలామందికి తెలియదు: జుట్టు రాలకుండా వాడే మాత్రల్లో బయోటిన్ ఉంటుంది, చాలాసార్లు 5 నుంచి 10 మిల్లీగ్రాములు. కొన్ని ల్యాబ్ యంత్రాలు పరీక్షలో వాడే రసాయనాలతో అది కలబడి టీఎస్‌హెచ్‌ని దొంగగా తక్కువ, ఫ్రీ టీ4ని దొంగగా ఎక్కువ చూపిస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మొదలుపెట్టి, ఆ జుట్టు రాలడానికి అసలు కారణమైన థైరాయిడ్ లోపాన్ని ఆ బయోటినే కప్పేయడం అలా జరుగుతుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి.

## 7.8 వచ్చింది. మొదలుపెట్టాలా, ఆగాలా?

ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: 34 ఏళ్ల స్త్రీ, టీఎస్‌హెచ్ 7.8, ఫ్రీ టీ4 1.1. ల్యాబ్ హద్దు 0.8 నుంచి 1.8. టీఎస్‌హెచ్ పక్కన బొద్దు అక్షరాల్లో "హై" అని ఉంటుంది, చూడగానే గుండె జారుతుంది. కానీ కింద వరస చూడండి. టీ4 హద్దులోనే ఉంది. పిట్యూటరీ కాస్త గట్టిగా అదిలిస్తోంది, థైరాయిడ్ ఇంకా పని నెట్టుకొస్తోంది. డాక్టర్లు సబ్‌క్లినికల్ అనేది దీన్నే.

ఇదే స్త్రీకి టీఎస్‌హెచ్ 38, ఫ్రీ టీ4 0.5 అయితే ఆలోచించే పని లేదు, మందు మొదలుపెట్టడమే. టీ4 హద్దులో ఉన్నా టీఎస్‌హెచ్ 10 దాటి, రెండోసారీ అలాగే వస్తే మందు వైపే మొగ్గాలి. 4.5 నుంచి 10 మధ్యే తర్జనభర్జన.

అక్కడ మొదటి పని మాత్ర కాదు, మళ్లీ పరీక్ష. రెండు మూడు నెలలాగి, అదే ల్యాబులో, అదే వేళకు. ఈ మధ్య జ్వరంతో పడిలేచినా, నిద్ర సరిగా లేకపోయినా టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి, దానంతటదే దిగుతుంది. కాన్పయిన నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య పెరిగితే అది బాలింత థైరాయిడ్ వాపు కావచ్చు. ఏడాదిలోపు చాలామందికి సర్దుకుంటుంది. ఇవన్నీ చూసుకోకుండా ఒక్క రిపోర్టుతో మాత్ర మొదలైతే, అది "జీవితాంతం" అన్న ముద్రతో ఏళ్ల తరబడి సాగిపోతుంది. ఎందుకు మొదలైందో తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

రెండోసారీ పెరిగే ఉంటే మూడు ప్రశ్నలు వేసుకోండి.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా? అయితే మందు వైపు మొగ్గండి, ఆగొద్దు.

యాంటీ టీపీఓ పాజిటివ్‌గా ఉందా? ఇంగ్లండ్‌లోని విఖమ్ ఊరి జనాన్ని 20 ఏళ్లు వెంబడించి చూసిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ పెరిగి, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు కూడా ఉన్న స్త్రీలలో ఏటా 100కి సుమారు నలుగురు పూర్తి లోపంలోకి జారారు. టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగినవారిలో 100కి ఇద్దరు ముగ్గురు. పాజిటివ్ అయితే మందు మొదలుపెట్టినా తప్పులేదు, ఆరు నెలలకోసారి పరీక్ష చేసుకుంటూ ఆగినా తప్పులేదు. నెగెటివ్ అయితే ఆగడమే మేలు.

వయసెంత? వయసు పైబడేకొద్దీ టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త పెరుగుతుంది. 75 ఏళ్ల నాయనమ్మకు 6.5 అనేది జబ్బు కాకపోవచ్చు. 65 ఏళ్లు దాటిన 737 మంది మీద జరిగి 2017లో ఫలితాలు వెలువడిన ట్రస్ట్ అధ్యయనంలో, ఇలాంటి స్వల్ప లోపానికి థైరాక్సిన్ ఇచ్చినా ఏడాది తర్వాత నీరసంలోగానీ ఇతర లక్షణాల్లోగానీ ఉత్తుత్తి మాత్రకంటే తేడా కనిపించలేదు. పెద్దవాళ్లకు స్వల్ప అంకె చూసి మందు పెడితే లాభం కంటే గుండె లయ తప్పే భయమే ఎక్కువ.

నీరసం, బరువు, జుట్టు రాలడం ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ అవి థైరాయిడ్ సొత్తు కాదు. మన ఆడవాళ్లలో నీరసానికీ, జుట్టు రాలడానికీ రక్తహీనత కారణమయ్యే అవకాశం బోలెడంత. టీఎస్‌హెచ్ 6 దగ్గరుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12 చూడకుండా నెపం థైరాయిడ్ మీద వేయొద్దు. మాత్రతో బరువు దిగుతుందన్న ఆశ కూడా తగ్గించుకోండి. లోపం గట్టిగా ఉన్నవారిలో కూడా దానివల్ల చేరేది సాధారణంగా 2 నుంచి 5 కిలోలు, అందులో ఉప్పూ నీరే ఎక్కువ.

## ఎంత మోతాదుతో మొదలు?

పూర్తి లోపం ఉంటే లెక్క కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు. 50 కిలోలకు 80 వస్తుంది, అంటే 75 మాత్ర. 70 కిలోలకు 112. గుండెజబ్బు లేని, వయసులో ఉన్నవారికి ఈ పూర్తి మోతాదుతోనే మొదలుపెట్టొచ్చు. 25తో మొదలై మెట్టుమెట్టుగా ఎక్కిస్తే నెలలు వృథా తప్ప అదనపు భద్రత లేదు. 65 దాటినవారికి, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి మాత్రం 12.5 లేదా 25తో మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొంచెం కొంచెం పెంచాలి. థైరాక్సిన్ గుండెకు పని పెంచుతుంది. మూసుకున్న నాళాల మీద ఒక్కసారిగా ఆ భారం పడితే ఛాతీనొప్పి వస్తుంది. సబ్‌క్లినికల్ వారికి 25 నుంచి 50 సరిపోతుంది.

చీటీ చదివేటప్పుడు ఒక జాగ్రత్త: 0.05 మిల్లీగ్రాములు అన్నా 50 మైక్రోగ్రాములు అన్నా ఒకటే. 0.1 అంటే 100. షాపులో "0.05 లేదు, 0.5 ఇవ్వండి" లాంటి మాటలు దొర్లితే లెక్క పది రెట్లు తప్పుతుంది.

50 తక్కువై, 75 ఎక్కువైతే? మాత్ర విరవడం కంటే రోజు మార్చి రోజు ఒకటి 50, ఒకటి 75 వేసుకోవడం నయం. థైరాక్సిన్ రక్తంలో సగం తరగడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది కాబట్టి శరీరానికి అందేది సగటున 62.5. అంత చిన్న మాత్రను గోటితో విరిస్తే సగాలు సమానంగా రావు. రోజులు మర్చిపోతామనుకునేవారికి 62.5 మాత్రే దొరుకుతుంది.

## పొద్దున్నా, రాత్రా?

చికిత్స నిజంగా చెడేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు. థైరాక్సిన్ చాలా పెళుసు మందు. పరగడుపున, కడుపులో ఆమ్లం ఉన్నప్పుడు, మంచినీళ్లతో మింగితేనే సరిగా పీల్చుకుంటుంది. కాఫీ, పాలు, సోయా, క్యాల్షియం, ఐరన్, యాంటాసిడ్ ఏది తగిలినా కొంత భాగం వృథాగా బయటికి పోతుంది.

పొద్దున పద్ధతి: లేవగానే గ్లాసెడు నీళ్లతో మాత్ర, తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ కూడా. కాఫీ పడందే కళ్లు తెరవలేని ఇళ్లలో ఈ గంట పెద్ద గండమే. "కాఫీయే కదా, టిఫిన్ కాదుగా" అని సరిపెట్టుకుంటారు, టీఎస్‌హెచ్ ఏళ్ల తరబడి 8 దగ్గరే ఆడుతుంది.

రాత్రి పద్ధతి: భోజనమై మూడు గంటలు దాటాక, పడుకునేముందు. 2010లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో రాత్రి వేసుకున్నవారికి టీఎస్‌హెచ్ ఇంకాస్త బాగా దిగింది. చూడటానికి ఇదే మేలనిపిస్తుంది, కానీ రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి పదిన్నరకు పడుకునే ఇంట్లో మూడు గంటల ఖాళీ ఎక్కడిది? పడుకునేముందు పాలు తాగే అలవాటుంటే అసలు కుదరదు. ఏడింటికల్లా భోజనం ముగించేవారికి, తెల్లవారుజామున డ్యూటీకి పరుగెత్తేవారికి రాత్రి పద్ధతి బాగా పనిచేస్తుంది. రంజాన్ ఉపవాసాల్లో ఇఫ్తార్ తర్వాత మూడు నాలుగు గంటలకు వేసుకోవచ్చు, లేదా సహర్‌కి అరగంట ముందు లేచి వేసుకోవచ్చు.

రెంటిలో ఏదైనా సరే, రోజూ ఒకే పద్ధతి పాటించండి. నాలుగు రకాల మాత్రలున్న ఇంట్లో రోజు ఇలా కుదురుతుంది: 5.30కి థైరాయిడ్ మాత్ర, 6.30కి కాఫీ, 8 గంటలకు టిఫిన్, బీపీ మాత్ర టిఫిన్ తర్వాత, క్యాల్షియం మధ్యాహ్న భోజనంతో, ఐరన్ సాయంత్రం. థైరాక్సిన్‌కీ, క్యాల్షియం ఐరన్‌లకీ మధ్య నాలుగు గంటలు ఉండాలన్నదే అసలు నియమం. మిగతావి మీ వీలు. గర్భిణులకు ఐరన్, క్యాల్షియం రెండూ ఇస్తారు కాబట్టి ఈ వరస వాళ్లకు మరీ ముఖ్యం.

చికాకు పెట్టేది "గ్యాస్ మాత్ర". పాంటప్రజోల్, ఒమెప్రజోల్ కూడా పరగడుపునే వేసుకోమంటారు కాబట్టి రెండూ కలిపి మింగేస్తుంటారు. గంట తేడాతో వేసుకున్నా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే అవి రోజంతా కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తాయి. గ్యాస్ మాత్ర నిజంగా కావాలా అని ముందు అడగండి. తప్పదంటే ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ మోతాదు పెంచుకోవాలి.

మాత్ర మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు, కడుపు ఖాళీగా ఉన్న వేళ వేసుకోండి. మర్నాటికి గుర్తొస్తే రెండు కలిపి వేసుకోవడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. గుండెజబ్బు ఉన్నవారు, పెద్దవాళ్లు మాత్రం తప్పిన మాత్రను వదిలేయడమే మేలు.

## సీసానా, స్ట్రిప్పా? ఏ బ్రాండు?

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్... లోపల ఉన్నది ఒకటే లీవోథైరాక్సిన్ సోడియం. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని కాదు. కానీ ఇది మైక్రోగ్రాముల మందు. కంపెనీ మారితే పీల్చుకునే పాళ్లలో చిన్న తేడా వచ్చినా టీఎస్‌హెచ్‌లో కనిపిస్తుంది. అందుకే ఏది మొదలుపెట్టారో దానితోనే ఉండండి. షాపువాడు "ఇదీ అదే అమ్మా" అని వేరే డబ్బా ఇస్తే తీసుకోవచ్చు, కానీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలి. జన్ ఔషధి జెనరిక్‌కీ ఇదే మాట: చవక అని మారడం తప్పు కాదు, మారి వెంటనే వెనక్కి, మళ్లీ ముందుకు ఊగడం తప్పు.

వంద, నూట ఇరవై మాత్రల సీసా చవకగా పడుతుంది. కానీ థైరాక్సిన్‌కి వేడి, తేమ, వెలుతురు మూడూ గిట్టవు. రోజూ మూత తీసి పెడుతుంటే సముద్రం పక్క ఊళ్ల గాలిలో తేమ లోపలికి పోతుంది. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటే పారేయకండి. వారానికి సరిపడా మాత్రలు ప్లాస్టిక్ గళ్ల పెట్టెలోకి మార్చి పెట్టుకోవడం కంటే సీసాలోంచే తీసుకోవడం నయం. పొయ్యి పైన అలమర, టీవీ మీద, బండి డిక్కీ, కిటికీ గూడు వద్దు. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఆ చోట్లన్నీ కొలిమే. ఎక్కువ ప్రయాణాలు చేసేవారికి, మర్చిపోయే పెద్దవాళ్లకు స్ట్రిప్ మంచిది, ఎన్ని వేసుకున్నారో కళ్లకు కనిపిస్తుంది.

## టీ3 కలిపినవి, జంతు థైరాయిడ్, ఆకు మందులు

1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి ఒక రోగిని నిలబెట్టినప్పటి నుంచీ చాలాకాలం జంతు గ్రంథే మందు. ఇప్పటికీ అమెరికాలో ఎండబెట్టిన పంది థైరాయిడ్ మాత్రలు వాడేవారున్నారు. అక్కడున్న మనవాళ్లకు ఇది ఎదురవుతుంది. చిక్కు ఏమిటంటే అందులో టీ4, టీ3 పాళ్లు సుమారు 4:1. మన గ్రంథి విడుదల చేసేది 14:1 దగ్గర. టీ3 మోతాదు మించి, మింగిన కొన్ని గంటలకు గుండె దడ పుడుతుంది. విడిగా టీ3 కలిపి ఇచ్చే పద్ధతి ఇంకా వాదాల్లోనే ఉంది. టీఎస్‌హెచ్ నెలల తరబడి సరిగా ఉండి, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం, దిగులు లాంటివి కూడా కావని తేలాక, ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) చేతి మీదుగా మూడు నుంచి ఆరు నెలలు ప్రయత్నించి చూడొచ్చు. గర్భిణులకు రెండూ వద్దు. కడుపులో బిడ్డ మెదడుకు అందేది తల్లి టీ4 మాత్రమే.

కషాయాలు, చూర్ణాలు చచ్చిన గ్రంథిని బతికించి హార్మోన్ తయారు చేయించలేవు. సముద్రపు నాచు ఉన్న "థైరాయిడ్ సపోర్ట్" గుళికల్లో అయోడిన్ మోతాదు మించి హషిమోటోను ఇంకా ఎగదోస్తుంది. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. మాత్రతో కలిపి వాడితే రిపోర్టు గందరగోళమే.

తిండి విషయంలో భయాలే ఎక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి తినొచ్చు. మాత్ర మీదున్నవారికి కూరలో పడే పాళ్లతో ఏమీ కాదు. ఉప్పు సంగతి మాత్రం పట్టించుకోండి. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని మన దేశంలో 2006 నుంచి నిషేధం ఉంది. ఈలోగా "సహజం" అంటూ చాలా ఇళ్లలోకి సైంధవ లవణం వచ్చి చేరింది. మామూలుగా అందులో లెక్కలోకి వచ్చేంత అయోడిన్ ఉండదు. ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు ఉంటే వంటకు అయోడైజ్డ్ ఉప్పే వాడండి.

## మాత్ర వేస్తున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే

మోతాదు పెంచడం తేలిక. కానీ ముందు రిపోర్టే ఒక ఆనవాలు ఇస్తుంది. టీఎస్‌హెచ్ 18, ఫ్రీ టీ4 మాత్రం హద్దులో పైవరసన ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఒకటే కథ: నెలంతా మాత్రలు తప్పి, పరీక్షకు ముందు నాలుగు రోజులు శ్రద్ధగా వేసుకోవడం. టీ4 రోజుల్లో పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. తిట్టడానికి కాదు, మోతాదు అనవసరంగా పెరగకుండా చూసుకోవడానికి ఇది తెలియాలి.

రెండూ చెడ్డగానే ఉంటే పీల్చుకోవడంలోనో, ఖర్చవడంలోనో తేడా ఉంది. కాఫీ, క్యాల్షియం, గ్యాస్ మాత్ర ముందే చెప్పుకున్నాం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ థైరాక్సిన్‌ని వేగంగా కరిగించేస్తాయి. ఆ మందులున్నంతకాలం మోతాదు పెంచాలి, అవి ఆగగానే తగ్గించాలి. ఈ తగ్గించే సంగతే మరుస్తారు. బీ12 తక్కువై, కడుపులో ఆమ్లం తగ్గి ఉంటే హషిమోటోతో పాటు వచ్చే జీర్ణకోశ వాపు కావచ్చు. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఇంకొకటి. కిలోకు 2 మైక్రోగ్రాములు దాటి వేస్తున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే పెంచడం ఆపి ఇవి వెతకాలి.

## గర్భిణులు, పసిపిల్లలు: ఇక్కడ ఆగొద్దు

ఇప్పటికే మాత్ర వాడుతున్న స్త్రీకి గర్భం నిర్ధారణ అయిన రోజే మోతాదు పెంచాలి. అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు చూడటం కంటే, వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది, అంటే రెండు రోజులు రెండేసి, వేసుకోవడం ఎంతో మేలు. గర్భం కోసం చూస్తున్నవారు ఈ మాట ముందే డాక్టర్‌తో అనుకుని ఉంచుకోండి. తర్వాత 20 వారాలదాకా నెలకోసారి టీఎస్‌హెచ్, దాన్ని 2.5 లోపు ఉంచడం లక్ష్యం. కాన్పయిన రోజు నుంచి పాత మోతాదుకే తిరిగి రావాలి. కొత్తగా గర్భంలో బయటపడితే, 4 దాటినవారికి మందు అవసరమా అన్నది యాంటీబాడీలను, అంకెను చూసి నిర్ణయిస్తారు. 10 దాటితే చర్చ లేదు.

పుట్టిన బిడ్డకు 48 నుంచి 72 గంటల మధ్య మడమ నుంచి చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చూడటం చిన్న ఖర్చు. మొదటి రోజే తీస్తే పుట్టుక ఒత్తిడివల్ల అందరికీ ఎక్కువగానే వస్తుంది. ఆసుపత్రి నుంచి పంపేముందు "చేశారా" అని అడగండి. లోపం తేలితే రెండు వారాలలోపు మందు పడాలి, ఆలస్యమైన వారాల నష్టం మెదడు మీద ఉండిపోతుంది. మోతాదు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు, మూడు కిలోల బిడ్డకు దాదాపు 37.5. మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి, ఒకటి రెండు మిల్లీలీటర్ల తల్లిపాలలోనో నీళ్లలోనో కలిపి అప్పటికప్పుడు నోట్లో పోయాలి. పాలసీసాలో కలిపితే మిగిలిన పాలతో మందూ మిగిలిపోతుంది. సోయా పాలపొడి, ఐరన్ చుక్కలతో కలపొద్దు.

ఏ వయసువారైనా థైరాయిడ్ తక్కువై మాత్రలు మానేసి ఉండి, మగతగా, ఒళ్లు చల్లబడి, ఊపిరి మందగించి పడి ఉంటే అది రేపు డాక్టర్‌కి చూపించే విషయం కాదు. వెంటనే పెద్దాసుపత్రి.

## కుదురుకున్నాక

మోతాదు మారిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష. అంకె కుదిరాక ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికోసారి, అదీ టీఎస్‌హెచ్ ఒక్కటే. మలబద్ధకం, నీరసం రెండు మూడు వారాల్లో తేలికపడతాయి. జుట్టుకు మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. టీఎస్‌హెచ్ మరీ తక్కువకు, 0.1 కిందికి పడితే సంబరపడకండి. అది మందు ఎక్కువైందన్న గుర్తు. పెద్దవాళ్లలో గుండె లయ తప్పుతుంది, నెలసరి ఆగిన స్త్రీలలో ఎముకలు పలచబడతాయి. అప్పుడు 12.5 లేదా 25 తగ్గించి మళ్లీ ఆరు వారాలు ఆగండి. కంగారుపడి రెండు వారాలకే చేయిస్తే రిపోర్టులో కనిపించేది ఇంకా పాత మోతాదు లెక్కే.